మస్కట్ పాఠం

“టీసీ రాసియ్యున్రి మేడం. బిడ్డను జగిత్యాలల ప్రైవేటు బడిల ఏస్త,” అన్నాడు చందు, దరఖాస్తు కాగితాన్ని బల్ల మీద పెట్టి.

హెడ్మాస్టరు ఊర్మిల ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. “జర మెల్లగ మాట్లాడున్రి. పక్కన క్లాసు నడుస్తున్నది.”

“అలవాటు మేడం. మస్కట్ల ఐదేండ్లు మిషన్ల నడుమ పనిజేసిన. గట్టిగ అనకుంటె నా మాట నాకే ఇనరాదు.”

కోరుట్ల బస్టాండు పక్కన చందు సూట్‌కేసుల దుకాణం తెలియనివారు లేరు. గల్ఫ్‌కు బయలుదేరేవాళ్లు రాయికల్ నుంచీ, పెగడపల్లి నుంచీ అక్కడికే వస్తారు. పెట్టెలు అమ్మేవాళ్లు బజారులో ఇంకా నలుగురున్నారు. చందు మాత్రం పెట్టెతో పాటు కాస్త ధైర్యం కూడా కట్టి ఇస్తాడు. పచ్చడి సీసాను తువ్వాలలో ఎలా చుట్టాలో, పెట్టె మీద పేరు ఎంత లావు అక్షరాలతో రాయాలో చెప్పి, చివరకు తన మస్కట్ సాయంత్రాల్లోకి వెళ్లిపోతాడు. డ్యూటీ దిగి సముద్రం ఒడ్డున కూర్చోవడం, సిరిసిల్ల దోస్తు పాట అందుకోవడం, పొద్దు నీళ్లలోకి దిగిపోతుంటే ఇంటి దగ్గర బీడీలు చుట్టే తల్లి దేవవ్వ గుర్తుకు రావడం. చెప్పిన ప్రతిసారీ అతని కళ్లు తడుస్తాయి. విన్నవాడు ఇంకో దుకాణం మెట్టెక్కడు. చూసి వచ్చిన మనిషి మాటకు ఉన్న గిరాకీ అది.

“బడి మీద మీకేం కోపం?” అడిగింది ఊర్మిల.

“ప్రపంచ పాఠమని పెట్టిన్రు గద, వారానికి మూడు గంటలు. దాంతోని లాభమేంది? బయటి దేశాల ముచ్చట బడిల నేర్చుడేంది మేడం? కోరుట్లల ఏ ఇంటి తలుపు కొట్టినా చెప్తరు.”

“పోయొచ్చినంక చెప్తరు. పోకముందు వాళ్లకు ఎవరు చెప్పిన్రు? ఏ కాయితం మీద దస్తకత్ పెడుతున్నరో తెల్వకనే పెట్టిన్రు. మా తొమ్మిదో తరగతి పిల్లల ముంగట ఏజెంటు కాయితం పెట్టున్రి. అబద్ధం ఏడుందో వేలు పెట్టి చూపిస్తరు.”

చందు దరఖాస్తును ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

“ఈ గంట పాఠం మీ బిడ్డ రేణుక తరగతికే. ఒకసారి చూడున్రి. అప్పుడు గూడ కావాలంటె టీసీ రాసిస్త.”

సరుకు చూడకుండా వద్దనడం చందు పద్ధతి కాదు. లేచి వెంట నడిచాడు.

అది తాను చదివిన గదే. అప్పట్లో ఆ గోడకు చివికిపోయిన ప్రపంచ పటం ఒకటి ఉండేది. సారు బెత్తంతో దేశాలను తాకుతూ పోతుంటే వెనక బెంచీలో చందుకు అవన్నీ రంగు మరకల్లాగే కనిపించేవి. కానీ ఆ నీలం రంగు మీద మాత్రం ఎంత ఆశ! ఎవరూ చూడనప్పుడు వెళ్లి వేలితో తడిమేవాడు. గోడ సున్నం వేలికి అంటేది. సముద్రం సున్నం వాసన వేస్తుందనుకున్నాడు చాలా రోజులు.

ఇప్పుడు అదే గోడ మీద పెద్ద తెర. తెరలో ఏదో బడి, ఎవరో అమ్మాయి.

“గిది ఏ ఊరు?” అని అడిగాడు.

“మస్కట్,” అంది ఊర్మిల.

చందు గడప దగ్గరే ఆగిపోయాడు.

రేణుక తడబడకుండా ఇంగ్లీషులో అడుగుతోంది. తెరలోని అమ్మాయి నవ్వుతూ జవాబు చెబుతోంది. ఎండకాలం మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని అక్కడ చట్టం ఉందట. రేణుక అది నల్లబల్ల మీద తెలుగులో రాసింది. ఆ తర్వాత ఆ అమ్మాయి కిటికీ తెరిచి సముద్రం చూపించింది. తమకు పొద్దు సముద్రంలోంచి పొడుస్తుందనీ, సాయంత్రం వెనక ఉన్న కొండల్లోకి దిగుతుందనీ చెప్పింది.

“గట్లెట్ల?” మూడో బెంచీలో ఒక పిల్ల లేచింది. “పొద్దు సముద్రంల మునుగుడు చూసిన అన్నడు గద చందు అంకుల్! మా అన్నకు పెట్టె కొన్ననాడు చెప్పిండు.”

ముప్పై తలలు గడప వైపు తిరిగాయి. చందు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఇరవై ఏండ్ల కింది ముచ్చట. మరిచిపోయి ఉంటరు,” అంది ఊర్మిల.

ఆ పిల్ల కూర్చోలేదు. రేపు పొద్దునకు ఈ ప్రశ్న వాళ్ల అన్న దాకా, ఎల్లుండికి బజారంతా పాకుతుంది. ఆ తర్వాత దుకాణంలో ఎవరు కూర్చుని వింటారు?

“మునుగుడు గాదే, పొడుసుడు,” అంది రేణుక, తండ్రి వైపు చూడకుండానే. “మా నాయినది నైట్ డ్యూటీ. పొద్దుగాల డ్యూటీ దిగి సముద్రం కాడ కూసునేటోడు. పెట్టెలమ్మే తొందరల పొద్దుకు, మాపుకు ఫరకు మరిసిండు. అంతే గద నాయినా?”

“ఔ బిడ్డా. నైట్ డ్యూటీనే.”

తరగతి గొల్లున నవ్వింది. “అయితె మా అన్నకు తూర్పు పడమర తారుమారు చేసి తోలిచ్చిన్రా అంకుల్!” అంటూ ఆ పిల్ల కూర్చుంది. చందు కూడా నవ్వాడు, మెడ మీది చెమట తుడుచుకుంటూ.

చివరి గంట కొట్టాక తన గదిలో ఊర్మిల అడిగింది. “టీసీ సంగతేంది మరి?”

చందు బల్ల మీది దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. “ఉండనియ్యున్రి మేడం. చదువు మంచిగనే చెప్తున్నరు.”

తండ్రీ బిడ్డలు స్కూటర్ మీద బయలుదేరారు. దుకాణం ముందు స్కూటర్ ఆపి, దిగకుండానే అడిగాడు చందు.

“నాది నైట్ డ్యూటీ అని నీకెన్నడు చెప్పిన బిడ్డా?”

“ఎన్నడు చెప్పలే.”

“మరెందుకన్నవ్ గట్ల?”

రేణుక వెనక నుంచి అతని భుజం మీద చెయ్యి వేసింది.

“నువ్వు బొంబాయి దాటనే లేదని నాయినమ్మ నాకెప్పుడో చెప్పింది.”