గ్లాసులో గుడ్డు

గెనొవేఫా గుడ్డును తిన్నగా పిండిలో కొట్టలేదు. ముందు గాజు గ్లాసులో కొట్టింది. గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి, తిప్పి తిప్పి చూసింది. తరువాత ఏమాత్రం సంకోచించకుండా చెత్త బకెట్టులో ఒంపేసింది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న ఇంటి యజమానురాలు లూత్సినా అది చూసింది.

యుద్ధం మొదలై నాలుగో ఏడు నడుస్తోంది. వార్సా నగరంలో గుడ్డు దొరకడమే గగనమైపోయింది. మర్నాడు ఈస్టర్ పండుగ గనుక, లూత్సినా తన ఉన్ని శాలువ ఇచ్చుకుని ఆ కాసిని గుడ్లూ సంపాదించింది. అటువంటి గుడ్డును ఏ వంటమనిషి పారేస్తుంది? సొనలో నెత్తుటి చుక్క కనబడితే ఆ గుడ్డు యూదుల వంటింట్లో పనికిరాదు. ఒక్కొక్కదాన్నే గ్లాసులో కొట్టి చూసుకోవడం అందుకే.

కాకతాళీయం కావచ్చునని లూత్సినా తనకు తాను సర్దిచెప్పుకుంది. ఈలోగా గెనొవేఫా పిండి కలపడం ముగించి, ముద్దలోంచి ఉసిరికాయంత తుంచి పొయ్యిలో పడేసింది.

అది కూడా యూదుల ఆచారమే. ఇక సందేహానికి తావు లేదు.

భర్తను పోగొట్టుకున్న లూత్సినా ఇంట్లోనే గుమాస్తాలకు భోజనాలు పెట్టి, ఆరేళ్ల కూతురు జోసియాను సాకుతోంది. ఒంటి చేత్తో పని సాగక, కిందటి నెలలోనే ఈ మనిషిని కుదుర్చుకుంది. మెడలో సిలువ ఉంది. ప్రార్థనలు గడగడా అప్పజెబుతుంది. కాని సిలువ ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. ప్రార్థనలు బట్టీ పడితే వస్తాయి.

ఇంట్లో యూదులు పట్టుబడితే ఇంటిల్లిపాదినీ కాల్చివేస్తామని జర్మన్ల ప్రకటనలు ప్రతి వీధిలోనూ అంటించి ఉన్నాయి.

ఎవరో తలుపు తట్టారు. లూత్సినా ఉలిక్కిపడింది.

భవనం కాపలాదారు ఫ్లోరియన్. టోపీ చేత పట్టుకుని తిన్నగా వంటింట్లోకే వచ్చాడు.

“అమ్మగారూ, పండగ పూట మా గొంతు కాస్త తడిపేదేమైనా ఉందా?” అంటూనే అతడి చూపు బకెట్టు మీద పడింది. “అయ్యయ్యో! గుడ్డు పారేశారా? మీరింత జమీందార్లని నాకు తెలీదే!”

“కుళ్లిపోయింది, ఫ్లోరియన్ గారూ” అంది లూత్సినా.

ఫ్లోరియన్ వంగి వాసన చూశాడు. “కుళ్లితే కంపు కొట్టదూ? నాకేం తెలీటంలేదే.”

“మీ ముక్కుకి వోడ్కా తప్ప ఇంకేం తెలుస్తుంది లెండి!” అంది గెనొవేఫా.

అతడు పకపకా నవ్వాడు. “నోరు మంచిదే నీకు! ముక్కు మొద్దుబారింది పిల్లా, ఆ పొగకి” అని కిటికీ వైపు చూపించాడు.

జర్మన్లు గోడ కట్టి మూసిన యూదుల వాడ, వాళ్లే పెట్టిన మంటల్లో నాలుగైదు రోజులుగా తగలబడుతూనే ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా మసి వచ్చి కిటికీ గడప మీద వాలుతోంది.

“మురుగు కాలువల్లోంచి పాక్కుంటూ మన వైపు వచ్చేస్తున్నారట” అన్నాడు ఫ్లోరియన్. “ఒక్కణ్ని పట్టిచ్చినా చక్కెర ఇస్తారట, వోడ్కా కూడానూ. మీరూ ఓ కన్నేసి ఉంచండమ్మగారూ.”

లూత్సినా వోడ్కా పోసింది. అతడు ఒక్క గుక్కలో తాగేసి, పండుగ శుభాకాంక్షలు చెప్పి, మెట్లు దిగాడు.

అడుగుల చప్పుడు ఆగేదాకా లూత్సినా కదలలేదు. తరువాత కిటికీ మూసింది. మళ్లీ తెరిచింది. పక్కగదిలోకి వెళ్లి, బొమ్మకు జడ అల్లుతున్న జోసియాను చూసి వచ్చింది. ఫ్లోరియన్ కనిపెట్టలేదు, సరే. రేపు మధ్యాహ్నం జర్మన్ కచేరీలో పనిచేసేవాళ్లు కూడా ఈ బల్ల దగ్గరే కూర్చుంటారు. వాళ్లలో ఒక్కడికి అనుమానం తగిలినా చాలు.

“గెనొవేఫా, మూట సర్దుకో. చీకటి పడకముందే వెళ్లిపో.”

“నేనేం చేశానమ్మగారూ? ఆయనతో అలా మాట్లాడాననా?”

“గట్టిగా అరవకు. నేనెవరికీ చెప్పను. నా కోటు తీసుకో, ఈ రొట్టె తీసుకో. ఇక్కడ మాత్రం వద్దు. నాకో పసిపిల్ల ఉంది.”

“పండగ పూట వీధిలోకి పొమ్మంటే ఎక్కడికి పోనమ్మా? కారణమైనా చెప్పండి.”

లూత్సినా ఆమె చెవి దగ్గరకు వంగింది. “నువ్వు యూదుల మనిషివి.”

గెనొవేఫా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. “అయ్యో దేవుడా! ఎవరన్నారా మాట?”

“ఒకరు అనాలా? గుడ్డు గ్లాసులో కొట్టావు. నెత్తుటి చుక్క చూసి పారేశావు. పిండి తుంచి నిప్పులో వేశావు. ఇంకెక్కడైనా వంటకు కుదిరితే ఈ రెండూ మానుకో, ప్రాణం దక్కుతుంది. మెడలో సిలువ వేసుకుంటే సరిపోదే, పిచ్చిదానా!”

గెనొవేఫా ఏడవలేదు, బతిమాలలేదు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్లు యజమానురాలిని ఎగాదిగా చూసింది. పిండి చేతులు ఆప్రానుకు తుడుచుకుని, వెళ్లి వంటింటి తలుపు గడియ పెట్టి వచ్చింది.

“నేను కాథలిక్కునే అమ్మగారూ, లుబ్లిన్‌లో యూదుల ఇంట్లో పదేళ్లు వండిపెట్టాను గనక ఆ అలవాట్లు నన్నింకా వదల్లేదు, మరి అవి యూదుల అలవాట్లని మీకెలా తెలుసు?”