ఇనుప పల్లేరు కాయలు

“దారి ఎవరు చూపించారు? పేరు చెప్పు!” కోట దళపతి బర్దాస్ గర్జించాడు.

మేకలు కాసే ముసలి థెక్లా, అమ్మకానికి తెచ్చిన జున్ను మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ఎవరూ చూపించలేదు నాయనా. నడుచుకుంటూ వచ్చాను.”

“ఈ పొగమంచులో? పక్క మనిషే కనబడటం లేదు! ఏదీ, కాళ్లు చాపు.”

చాపింది. చెప్పుల్లేని పాదాలు. పగుళ్లే తప్ప ఒక్క ముల్లు పోటూ లేదు.

అనుమానం పెనుభూతమంటారు. అది బర్దాస్‌ని గట్టిగానే పట్టుకుంది. కోట గోడ సగం కూలి ఉంది. దాడికొచ్చిన పెచెనెగ్ తెగ రౌతులు కొండ అవతల దిగారు. వాళ్లకూ కోటలోని మూడొందల ప్రాణాలకూ మధ్య ఉన్న అడ్డల్లా, నిన్న సాయంత్రం గడ్డినిండా చల్లించిన ఇనుప పల్లేరు కాయలే. ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. గుర్రం కాలు మోపిందా, కూలబడాల్సిందే. మధ్యలో వదిలిన సన్నటి దారి ఇద్దరికే తెలుసు. ఒకడు బర్దాస్. రెండోవాడు దగ్గరుండి వాటిని చల్లించిన అతని కింది నాయకుడు గ్రిగోరాస్, ఇప్పుడు పక్కనే నిలబడి ఉన్నాడు.

బర్దాస్ మెల్లగా అతని వైపు తిరిగాడు. “నేను చెప్పలేదు. ఇంక మిగిలిందెవరు?”

“దేవుడి తల్లి మీద ఒట్టు దొరా! ఈ అవ్వ దగ్గర జున్ను కొనడం తప్ప నాకేం తెలీదు.”

“ఓహో, జున్ను ముక్కకి దారి అమ్ముకున్నావన్నమాట! రేపు పెచెనెగ్‌లు ఏం తెచ్చిస్తారు, పెరుగా? వీణ్ణి దూలానికి వేలాడదీయండి!”

తాడు వచ్చింది. గ్రిగోరాస్ మెడకు పడింది.

థెక్లా చివాల్న లేచింది. “ఆగండయ్యా! అతన్నెందుకు చంపుతారు? నాకు ఏ దారీ తెలీదు. మేం మేకలు మేపుకునే గడ్డిలో ముళ్లు చల్లింది మీరు. మేక కాలు పోతే మీరిస్తారా? కోడి కూసినప్పట్నుంచీ ఏరి ఏరి ఏట్లో పారేశాను. నడుం పడిపోయింది!”

బర్దాస్ మొహం పాలిపోయింది. “ఎంత మేర ఏరావే?”

“మంద మొత్తం హాయిగా నడిచేంత.”

బయట పొగమంచులో గిట్టల చప్పుడు మొదలైంది. కోటకేసే వస్తోంది. ఒక్క గుర్రమూ తడబడటం లేదు.