చిల్వాక్లె గింజల ఘాటు

“ఇంకా మాడ్చాలా అక్కా? కళ్ళు మండిపోతున్నాయి,” అంది చిన్నకోడలు రెమెదియోస్, పెనం మీద చిల్వాక్లె మిరపగింజలు కలియబెడుతూ.

“బొగ్గవ్వాలి. లేకపోతే మోలే పులుసుకి నలుపు రాదు. రేపు తన పుట్టినరోజు పూట అత్తచేత తిట్లు తింటావా?” అంది పెద్దకోడలు ఒతీలియా.

ఆ నల్లమిరప లోయ మొత్తంలో అత్త పెరట్లోనే మిగిలింది. మంచాన పడ్డాక కూడా పక్కగదిలోంచి, దగ్గుతూనే, గింజలు సరిగ్గా మాడలేదని తిట్టేది.

గింజలు భగ్గుమన్నాయి. పొగ ఇల్లంతా కమ్మింది. ఇద్దరూ దగ్గుతో మెలికలు తిరిగిపోయారు. వాకిట్లో కుక్క తుమ్మింది.

“మమ్మల్ని చంపుతారా ఏంటి?” ఎదురింటి సెల్సో దగ్గుతూనే కేకేశాడు.

రెమెదియోస్ శాలువా ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వింది. “వీధంతా దగ్గుతోంది, అత్త మాత్రం కిక్కురుమనడం లేదు. ఈసారి గింజలు బాగా మాడినట్టే.”

ఒతీలియా నవ్వలేదు. పక్కగది తెర వైపు చూసింది. పొగ ఆ తెర కిందనుంచి లోపలికి పోతూనే ఉంది.

“అటక మీది పెద్ద కుండ దించు,” అంది మెల్లగా.

“ఎందుకక్కా? రేపు భోజనానికి మనింట్లోవాళ్ళమేగా?”

“ఊరంతా వస్తారు.”