గంజాయి మిషన్

"మిషన్ తెరవండి. లేదంటే పగలగొట్టాల్సి వస్తుంది."

ఆ మాటతో ప్రసన్నలక్ష్మి గబుక్కున మిషన్‌కి అడ్డంగా నిలబడింది. ఊరి నడిబొడ్డున రాఫెల్స్ ప్లేస్‌లో, తను పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులోకి పోలీసులు రావడమే ఆమెకు నమ్మశక్యంగా లేదు. ఎదురుగా ఉన్న అధికారి రవీంద్రన్ పక్కదేశం మలేషియాలో పుట్టిన తెలుగువాడు. తెలుగులోనే మాట్లాడుతున్నాడు గాని ముఖంలో చుట్టరికం మచ్చుకైనా లేదు.

"సార్, ఇది అమెరికా కంపెనీ వాళ్లది. అక్కడ కాలిఫోర్నియాలో డాక్టర్ చీటీ ఉన్న రోగులకి గంజాయి మందుగా ఇస్తారు. వేలిముద్ర సరిపోతేనే ఈ మిషన్లోంచి పొట్లం పడుతుంది. ఆ ప్రోగ్రాం మాత్రమే మేం రాస్తున్నాం."

"మరి అద్దంలోంచి కనబడుతున్న ఆకేంటి?"

"కరివేపాకు సార్! టెస్టింగ్ కోసం మా అత్తయ్య ఎండబెట్టి ఇచ్చింది."

"ఈ దేశంలో గంజాయి కేసంటే ఉరిదాకా పోతుందమ్మా. మాకు ఫిర్యాదొచ్చింది. తాళంచెవి ఏది?"

తాళంచెవి మేనేజర్ రామారావు దగ్గరుంది. ఆయన విమానంలో ఉన్నాడు. సాయంత్రం అమెరికా వాళ్లని వెంటబెట్టుకుని వస్తాడు. వాళ్లకి పగిలిన మిషన్ చూపిస్తే ప్రాజెక్టు పోయినట్టే.

"తాళం తీయకపోయినా, వేలిముద్ర పెడితే పొట్లం బయటికొస్తుంది సార్. టెస్టింగ్‌కి రోగి కింద మా అత్తయ్య పేరే ఎక్కించాను. బెడోక్‌లో ఉంటాం. ఫోన్ చేస్తే ట్రైనెక్కి వచ్చేస్తుంది."

రవీంద్రన్ కుర్చీ లాక్కున్నాడు. "పిలవండి."

అప్పలమ్మ ఆయాసపడుతూ వచ్చింది. వస్తూనే పోలీసుల్ని వదిలేసి కోడలి మీద పడింది.

"ఈ మాయదారి ఉజ్జోగం మానీమని ఎప్పుడో సెప్పినాను. ఇన్నావేటి? పొద్దత్తమానం ఆ కంప్యూటరు ముందరే. ఇప్పుడు సూడు, పోలీసులొచ్చినారు!"

"అత్తయ్యా, ఇంటికెళ్లాక తిడుదువు గాని. ముందు వేలు పెట్టు."

అప్పలమ్మ చీరకి బొటనవేలు తుడుచుకుని అద్దపు పలక మీద ఆనించింది. ఎర్రలైటు వెలిగింది.

"గట్టిగా నొక్కు అత్తయ్యా!"

ఈసారి పచ్చలైటు. ఠప్పున పొట్లం కిందపడింది.

రవీంద్రన్ పొట్లం చింపి వాసన చూశాడు. ఆకుని వేళ్ల మధ్య నలిపి మళ్లీ చూశాడు. ముడిపడిన కనుబొమలు మెల్లగా విడిపోయాయి.

"కరివేపాకే. మా అమ్మ చారు గుర్తొచ్చింది," అన్నాడు.

మిగతా పొట్లాల్ని కూడా ఒక్కొక్కటే తీయించి చూసి, టోపీ సర్దుకుని లేచాడు. ప్రసన్నలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది.

"సార్, నా మీద ఇంత పగబట్టి ఫిర్యాదు చేసిందెవరు? అదైనా చెప్పండి."

అప్పలమ్మకి ఎందుకో హఠాత్తుగా కిటికీలోంచి మేడలు చూడాలనిపించింది.

రవీంద్రన్ ఆవిడ వైపోసారి చూసి, వచ్చే నవ్వుని ఆపుకున్నాడు.

"పగ కాదమ్మా. నిన్న బెడోక్ బస్సులో ఓ పెద్దావిడ కోడలి ఫోటో పట్టుకుని, ఎక్కినవాళ్లకల్లా చూపిస్తూ, 'మై కోడలు, రాఫెల్స్ ప్లేస్, గంజాయి మిషన్, నంబర్ వన్!' అని ఒకటే మురిసిపోయిందట."