కోత లేని పాట

"ఇక విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అన్నాడు సంగీత పాఠశాల యజమాని, ఫోనులో.

గిటార్ మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒంట్లో బాగోక సెలవు పెట్టిన మాట నిజమే. విశ్రాంతి కావాలని మాత్రం ఆయన ఎవర్నీ అడగలేదు.

"ఎందుకు తీసుకోవాలి?"

"ఇప్పుడు క్లాసుతోపాటు వీడియో పాఠాలూ ఉండాలండీ. ఎవరికి వాళ్లే వాయించి, రికార్డు చేసి, ఎడిట్ చేసి పంపాలి. మీకు కంప్యూటరు ఆన్ చెయ్యడం కూడా రాదు కదా."

"నేర్చుకుంటాను."

అవతల చిన్న నవ్వు. "సరే, వేసవి సెలవులయ్యేలోగా ఒక పాట పంపండి. ముఖం అక్కర్లేదు, చేతులు దగ్గరగా కనబడితే చాలు. పిల్లలు చూసేది వేళ్లనే. మధ్యలో ఎక్కడా కోత ఉండకూడదు. బాగుంటే మీ క్లాసు మీకే."

జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన క్లాసు అది. నిన్నగాక మొన్న తండ్రి కుర్చీలో కూర్చున్న కుర్రాడు దాన్ని ఊడబెరుకుతాడా? మాస్టారు తిండి లేకుండా ఒక పూట ఉండగలరు గానీ, పాఠం చెప్పకుండా ఉండలేరు.

"పోనిద్దురూ. ఈ వయసులో కంప్యూటరుతో కుస్తీ ఏమిటి?" అంది భార్య.

"పడితేనే కదా తెలిసేది, ఎవరు కింద పడతారో."

వీధి గదిలో మిషను కుట్టుకుంటున్న బావమరిదిని కేకేశారు. అతను దర్జీ. సంగీతంలో అతనికి తెలిసిందల్లా మిషను చప్పుడొక్కటే.

"అది ఆపి ఇలా రారా. నీతో పనుంది."

"నాతోనా? గిటారుకీ గోడ గడియారానికీ తేడా తెలీదు నాకు."

"తెలిసేదాకా వదలను. రా."

ఆనాటి నుంచి దర్జీకి కష్టాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం వీధి సద్దుమణగ్గానే మిషను ఆపి లోపలి గదిలోకి రావాలి. కిటికీలకు దుప్పట్లు కట్టాలి. ఫ్యాను ఆపాలి. మాస్టారు తలుపు మూయించేవారు. ఉక్కపోతకు ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యేవారు.

మొదటిసారి పాట ఆసాంతం అయ్యాక చూస్తే, కంప్యూటర్లో ఎర్ర మీట నొక్కనేలేదు. అంతసేపూ విన్నది గోడలే. ఇంకోసారి కుక్కరు కూత పడింది. మరోసారి బుస్సు బుస్సుమని ఊపిరి పడింది.

"కొలిమితిత్తిలా ఏమిట్రా ఆ ఊపిరి? బిగబట్టు."

"పాటయ్యేదాకా బిగబడితే పోతాను బావా."

"పో. పాటయ్యాక పో. ఇంకోటి, పచ్చి ఉల్లిపాయ తిని ఈ గదిలోకి రాకు."

బొమ్మ ఫోనులో, శబ్దం కంప్యూటర్లో. రెంటినీ ఊరికే జత చేస్తే వేలు ముందు, మోత వెనక. మొదట్లో ఒక చప్పట కొట్టి, ఆ చప్పుడు దగ్గర రెండూ కలపాలని మాస్టారు వీడియోలు చూసి కనిపెట్టారు. చప్పట కొట్టే పని భార్య మీద పడింది. ఆవిడ దోమను చంపినట్టు ఒక్కటి కొట్టి, విసుక్కుంటూ వంటింట్లోకి పోయేది.

చొక్కాల గరగర మైకులో వినిపిస్తోందని, దర్జీ మెత్తటి తానులోంచి ఇద్దరికీ పొడుగు చేతుల చొక్కాలు కుట్టాడు. "ఒకే బడి పిల్లల్లా ఉన్నారు" అని నవ్వింది ఆవిడ.

దర్జీ వేళ్లు కందిపోయాయి. బట్టలు ఇవ్వడానికొచ్చినవాళ్లు, సూది గుచ్చుకుందా అని జాలిపడేవారు. "సూది కాదు, మా బావ గుచ్చుకున్నాడు" అనేవాడు.

ఒకనాడు పాట చివరికంటా చక్కగా సాగింది. ఆఖరి చరణంలో వీధిలో ఎవడో హారన్ కొట్టాడు. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ కాస్తా కోసి, నిన్నటి ముక్క అతికిద్దాం బావా. అతుకు తెలీకుండా కుట్టడం నాకు తెలుసుగా."

"వద్దు. చేతకాక అతికించాడన్న మాట ఆ కుర్రాడి నోట రానివ్వను. మళ్లీ మొదట్నుంచి."

మళ్లీ మొదట్నుంచే వచ్చారు. మర్నాడూ అంతే. సెలవులు అయిపోవచ్చాయి. దర్జీ దండం పెట్టి మానేస్తానన్నాడు గానీ మానలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం హారన్ లేదు, కూత లేదు, తుమ్ము లేదు. పాట నీళ్లలా సాగిపోయింది. మాస్టారు మౌసు పట్టుకుని ముందున్న చప్పట కత్తిరించారు. చేతులు తప్ప మిగతాదంతా తెర అవతలికి నెట్టేశారు. పంపేశారు.

"ఇది తప్పు కాదంటావా బావా?" అన్నాడు దర్జీ.

"అడిగిందే పంపాం. తప్పేముంది?"

సాయంత్రం ఫోను మోగింది.

"నాదే పొరపాటు మాస్టారూ. శబ్దం శుభ్రంగా ఉంది. ఎక్కడా కోత లేదు. ఆ వేళ్లు చూస్తే మీకు వయసు మళ్లిందని ఎవరంటారు? సోమవారం నుంచి క్లాసు మీదే."

"మంచిది. రెండు కుర్చీలు వేయించండి."

"రెండెందుకండీ?"

"వచ్చాక చూద్దురుగాని."

ఫోను పెట్టేసి, బావాబావమరుదులు ఆ వీడియో మళ్లీ పెట్టుకుని చూశారు: తీగల్ని మీటుతున్న కుడిచేయి మాస్టారిది, పక్షవాతం వచ్చి ఆయన ఎడమచేయి పడిపోవడంతో ఆయన వీపుకు అంటుకుని కూర్చుని తీగల్ని నొక్కుతున్న ఎడమచేయి దర్జీది.