మూడో వచనం

“ఆ తెర మీద గంట నుంచి ఏం చూస్తున్నవ్ బిడ్డా?” కుర్చీ బయటికి మోస్తూ అడిగింది రోసమ్మ.

“కంప్యూటర్ నడుస్తుండంగనే మెమరీ కార్డు తీసే పని అత్తమ్మా. లోపలున్న డేటా పేజీలన్నీ వేరే కార్డుకు మార్చిన. ఒక్కటి కదలట్లే. అట్లనే తీస్తే మొత్తం ఆగిపోతది,” అంది క్యారల్.

“తర్వాత చూసుకో. ప్రార్థనకు రా.”

క్యారల్ భర్త జెరెమియా పోయి నలభై రోజులు. కొడుకు చొక్కాలు, బూట్లు రోసమ్మే చర్చిలో పంచిపెట్టింది. ఇవాళ ప్రార్థనలో అతను కూర్చునే కుర్చీ కూడా తీసేసింది. “ఇల్లు నడవాలె గద” అంది. అత్తది ఎంత గట్టి గుండె అనుకుంది క్యారల్.

ఆగిపోయిన కుటుంబ ప్రార్థన ఇవాళే మళ్లీ మొదలు. వరుసలో తలా ఒక వచనం చదవాలి. మామ జకర్యా మొదటిది చదివాడు, రోసమ్మ రెండోది. ఇక తన వంతే అనుకుని క్యారల్ మూడోది అందుకోబోయింది.

రోసమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆగు బిడ్డా. వాణ్ని చదవనీ.”

ఒక వచనం చదవడానికి పట్టేంతసేపు ముగ్గురూ కుర్చీ లేని ఆ జాగా వైపే చూశారు.

తర్వాత క్యారల్ నాలుగో వచనం చదివింది.