ముప్పై మూడో పేరు

క్లాసులో ఉన్నది ముప్పై రెండు మంది. గోడమీది తెరపై పేర్లు మాత్రం ముప్పై మూడు.

లెక్కల టీచరు మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై మూడే.

అన్నిటికన్నా అడుగున 'చీమ' అని ఉంది. పక్కన సున్నా.

"చీమకి ఇవాళ కూడా గుండు సున్నా టీచర్," అన్నాడు వెనక బెంచీవాడొకడు.

క్లాసంతా గొల్లుమంది. ఎప్పుడూ నోరు విప్పని మూడో బెంచీ పిల్ల కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల పేరు చీమకి సరిగ్గా పైన ఉంది.

టీచరుకి మాత్రం నవ్వు రాలేదు.

బడికి ట్యాబ్లెట్లు వచ్చి రెండు నెలలైంది. ఏ సబ్జెక్టైనా సరే, పాఠం అయ్యాక పది ప్రశ్నలు. ప్రశ్నకి నాలుగు జవాబులు. తెరమీద కనిపించే నంబరు కొట్టి, ఏదో ఒక పేరు పెట్టుకుని, ఎవరైనా ఆటలోకి రావచ్చు. ఆట ముగియగానే మార్కులూ ర్యాంకులూ గోడమీదికి వచ్చేస్తాయి.

ఇరవై రెండేళ్లు సుద్దముక్కతో నెట్టుకొచ్చిన మనిషికి ఇది కొత్త గండం.

ప్రిన్సిపాలు ముందే చెప్పేశాడు. "శుక్రవారం తనిఖీవాళ్లు వస్తున్నారు మేడమ్. మీ క్లాసు సగటు అరవై దాటాలి. దాటకపోతే ఎనిమిదో తరగతి ఇంకొకరికి ఇస్తాను. మీరు లైబ్రరీ చూసుకుందురుగాని."

ఇప్పుడున్న సగటు యాభై తొమ్మిది. ఆ చీమ సున్నా తీసేస్తే అరవై ఒకటి. ఈ లెక్క ఆవిడ కూర తరుగుతూ ఒకసారి, బస్సులో రెండుసార్లు వేసుకుంది.

"ఎవర్రా ఈ చీమ? నిజం చెప్పండి, ఏమీ అనను."

"మేం కాదు టీచర్," అన్నారు ముప్పై రెండు మందీ.

బుధవారం ఆట మొదలుపెట్టించి, చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చింది. పక్కనే కంప్యూటర్ల గది. తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల వైర్ల అంకుల్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ట్యాబ్లెట్లతోపాటు కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి. ఏ ఊరో, అంతకుముందు ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. పిల్లలు పెట్టిన పేరే పేరు.

ఆయన ఒళ్లో ట్యాబ్లెట్ ఉంది. దానిమీద చీమ అని ఉంది.

టీచరుకి ఒళ్లు మండిపోయింది.

"మీరా? మీకు ఆటగా ఉందా? నా ఉద్యోగానికే ఎసరు పెడతారా?"

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "తప్పే మేడమ్. మీ సగటు సంగతి నాకు తెలీదు."

"తెలీకపోతే నోరు మూసుకుని వైర్లు చూసుకోవాలి."

"అలాగే మేడమ్. కానీ శుక్రవారం ఒక్కరోజు ఉండనివ్వండి. అంతమంది ముందు చివర్లో ఎవరో ఒకరు..."

"ఇంకా శుక్రవారం కూడానా? సిగ్గుండాలి."

ఆవిడ అటునుంచి అటే ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లి చెప్పేసింది.

ప్రిన్సిపాలు కూడా పెద్దగా ఆలోచించలేదు. "కాంట్రాక్టు మనిషేగా," అన్నాడు. సాయంత్రానికి పంపించేశారు. గేటు దగ్గర ఆయన ఏదో చెప్పబోయాడు. టీచరు మొహం తిప్పుకుని బస్సెక్కేసింది.

శుక్రవారం ముగ్గురు తనిఖీవాళ్లు వెనక కుర్చీల్లో కూర్చున్నారు.

తెరమీద ముప్పై రెండు పేర్లు. సగటు అరవై రెండు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ప్రిన్సిపాలు దూరం నుంచే తలూపాడు, ఇక క్లాసు మీదే అన్నట్టు.

అప్పుడు తనిఖీవాళ్లలో పెద్దాయన తెరవంక చూసి, ప్రేమగానే అడిగాడు. "అందరికన్నా చివర ఉన్న అమ్మాయి ఎవరమ్మా? ఒకసారి లేచి నిలబడు, చూద్దాం."

మూడో బెంచీ పిల్ల లేచి నిలబడింది. అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరూ నవ్వలేదు. పిల్ల ట్యాబ్లెట్ బోర్లా పెట్టి, దానివంకే చూస్తూ ఉండిపోయింది.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారమూ రాలేదు.

టీచరు ఫోన్ చేస్తే తల్లి ఎత్తింది.

"బడి అంటే చాలు కడుపునొప్పి అంటోందండీ. ఇక రానంటే రానని మొండికేసింది. మొన్నటిదాకా ఎంత హుషారుగా వచ్చేదో. నాకన్నా వెనక ఒకళ్లున్నారమ్మా అని రోజూ చెప్పి నవ్వేది."

టీచరు ఫోన్ పెట్టేసి స్టాఫ్ రూముకి వచ్చింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియట్లేదు. కంప్యూటరు ముందుకు జరిగి, పాత ఆటలన్నీ తెరిచింది.

రెండు నెలలు, ఇరవై నాలుగు ఆటలు. లెక్కలు, సైన్సు, సాంఘికం, తెలుగు. చీమ ఆడిన ప్రశ్నలు రెండు వందల నలభై.

ఒక్కటీ నొక్కకుండా వదల్లేదు. ఒక్కటీ ఒప్పు కాదు.

లెక్కల టీచరు వేళ్లు మౌసు మీదే ఆగిపోయాయి. నాలుగు జవాబుల్లో కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా, ఏమీ రానివాడికి కూడా అరవై ఒప్పులు తగలాలి. సాంఘికంలో సగం ప్రశ్నలకి తనకే జవాబు తెలియదు.

రెండు వందల నలభై సార్లూ తప్పు నొక్కాలంటే, రెండు వందల నలభై జవాబులూ ముందే తెలిసుండాలి. అన్నీ తెలిసిన ఆ మనిషి రోజూ ఆ పిల్ల కిందికి వచ్చి నిలబడ్డాడు.